మూడో పొగగొట్టం

గడిచిపోయిన రోజుల్లోంచి పొగ ఇంకా వస్తూనే ఉందనీ, ఊళ్ల మీది వేడికి అదే ముఖ్య కారణమనీ ప్రభుత్వం తేల్చాక, ప్రతి మనిషీ తన జ్ఞాపకాల్లో ఉన్న పొగను ఆరు నెలల్లోగా మండల కార్యాలయంలో అప్పగించాలని ఉత్తర్వు వెలువడింది. జనం పెద్దగా ఆశ్చర్యపోలేదు. రేషన్ బియ్యానికి వేలిముద్ర వేసినట్టే దీనికీ ఒక పూట పని మానుకుని వరసలో నిలబడాలి కాబోలు అనుకున్నారు. ఎవరికి ఏ రోజో సచివాలయం గోడ మీద జాబితా అంటించారు. అందులో చనిపోయినవాళ్ల పేర్లు కూడా కొన్ని ఉన్నాయి గానీ, వాళ్ల పొగంతా ఎలాగూ బతికున్నవాళ్ల దగ్గరే ఉంటుంది కాబట్టి ఎవరూ నోరు మెదపలేదు.

మస్తానమ్మకు రెండో బుధవారం వచ్చింది. ఆమెకు అరవై రెండేళ్లు. నెల్లూరు దగ్గర, ఒక పక్క రైలుకట్ట, ఇంకో పక్క సముద్రపు గాలి ఉన్న ఆ చిన్న ఊళ్లో ఇరవై రెండేళ్లు బడిపిల్లలకు వంట చేసి ఈ మధ్యనే మానుకుంది. కూతురు ప్రమీల, ఆరేళ్ల మనవరాలు లాస్యతో కలిసి ఉంటోంది. బడివంట పొగ ఆమె దగ్గర బోలెడు ఉంది. సరుగుడు కట్టెల పొగ, వానాకాలం తడిసిన కంప పొగ, మాడిన పప్పు పొగ. అవన్నీ పట్టుకుపొమ్మని ఆమె సంతోషంగానే అనుకుంది. ఇవ్వకూడదని ఇంటి దగ్గరే గట్టిగా నిశ్చయించుకున్నది ఒక్కటే, వాళ్లమ్మది.

మస్తానమ్మకు ఎనిమిదో ఏట తల్లి కామాక్షమ్మ జ్వరంతో పోయింది. ఫోటో లేదు. ఊళ్లోకి ఒకసారి ఫోటోలతను వస్తే, మొగం కడుక్కుని వస్తానని లోపలికి వెళ్లిందట, తిరిగొచ్చేసరికి అతను రైలుకు పోయాడట. ఆమెను చూసినవాళ్లందరూ ఒకరి తర్వాత ఒకరు పోయారు. మస్తానమ్మకు మిగిలిందల్లా ఒక సాయంత్రం. తాటాకుల వంటిల్లు, మట్టిపొయ్యి, పచ్చికట్టె. తల్లి వీపు ఇటు పెట్టి కూర్చుని ఊదుడుగొట్టంతో ఊదుతోంది. పొగ గుప్పుమనగానే తట్టుకోలేక మొగం పక్కకు తిప్పింది, ఆ తిప్పడంలో కూతుర్ని చూసి నవ్వింది. కళ్ల నిండా నీళ్లు. ఎడమ చెంప మీద మసి. ఆ ఒక్క క్షణమే మస్తానమ్మకు అమ్మ మొగం. యాభై నాలుగేళ్లుగా రోజూ పడుకునే ముందు దాన్నోసారి చూసుకునేది, దేవుడి పటం చూసుకున్నట్టు.

మండల కార్యాలయంలో ఉద్గారాల పరిశీలకుడు తిరుపాలు అనే మర్యాదస్తుడు. ముప్పై అయిదేళ్లుంటాయి. ముక్కు దగ్గర ఒక రబ్బరు గొట్టం పెట్టి, కళ్లు మూసుకుని గుర్తుచేసుకోమనేవాడు. గుర్తొచ్చిన పొగ గొట్టంలోంచి బూడిదరంగు సంచిలోకి చేరేది. పొగపోయిన జ్ఞాపకం శుభ్రంగా మిగిలేది. మస్తానమ్మ బడివంట గుర్తుచేసుకుంటే నాలుగు సంచులు నిండాయి. ఇంకేమైనా ఉన్నాయా అని అడిగితే ఏమీ లేవంది. ఆ అబద్ధాన్ని గొట్టం పట్టుకోలేదు.

పట్టించింది తెలుగు. దరఖాస్తు చివర్లో తల్లిదండ్రుల గురించి ఒక్క వాక్యమైనా రాయకపోతే కంప్యూటరు ముందుకు కదలదు. ఏదో ఒకటి చెప్పమన్నాడు తిరుపాలు. మా అమ్మ నన్ను ఒకేఒక్కసారి పొగిడింది, అంది మస్తానమ్మ. అతను అది కొట్టగానే తెర ఎర్రబడింది. పొ పక్కన గ గానీ, దాని గుణింతంలో ఏ అక్షరం గానీ ఎక్కడ కనిపించినా పట్టుకోమని దానికి నేర్పిపెట్టారు. అప్పటికే ఆ మండలంలో రెండు పొగడచెట్లు, ఒక పెళ్లికొడుకు తండ్రి పొగరు, పదవీవిరమణ సభల్లోని పొగడ్తలు లెక్కలేనన్ని దానికి చిక్కాయి.

ఇది పొగ కాదని, పొగడటమని ఆమె చెప్పింది.

“ఆ తేడా నాకు తెలుసమ్మా, దీనికి తెలీదు,” అన్నాడు తిరుపాలు. “ఇది చూపించినాక చూడకుండా వదిలేస్తే రేపు నా మీదికొస్తాది. ఒక్కసారి ఆ పొగిడింది గుర్తు తెచ్చుకోండి. పొగ లేకపోతే గొట్టంలోకి ఏమీ రాదు గదా.”

గొట్టం ముక్కు దగ్గర ఉండగా ఆలోచనను పక్కకు మళ్లించడం మనిషి వల్ల అయ్యే పని కాదు. ఎప్పుడు పొగిడింది, ఎక్కడ పొగిడింది అని అతను అడుగుతుంటే మస్తానమ్మ మనసు తిన్నగా ఆ తాటాకుల వంటింట్లోకే వెళ్లింది. అమ్మ విసిగిపోయి ఊదుడుగొట్టం తన చేతికిచ్చింది, తను ఊదితే భగ్గున మంట లేచింది. మా మస్తాను ఊదితే పచ్చికట్టె గూడా మండతాది, అంది అమ్మ. సంచి ఒక్కసారిగా ఉబ్బింది. తిరుపాలు దాని మూతి కట్టి, చీటీ అంటించి, సంతకం పెట్టమన్నాడు. పొరపాటున పట్టుకున్నది నిజంగానే పొగ అయిందని తేలడంతో పైనుంచి ఆ కంప్యూటరుకు అభినందన పత్రం వచ్చింది.

పొగ తీసిన చోట పొయ్యిని ఖాళీగా వదిలేయడం ప్రభుత్వానికి ఇష్టం లేదు. స్వచ్ఛ జ్ఞాపక పథకం కింద ఒక్కో వంటింట్లో ఒక్కో కరెంటు పొయ్యి పెట్టించారు. కామాక్షమ్మ ఇంటికి ఆ రోజుల్లో కరెంటు లేదు కాబట్టి, అంతవరకూ స్తంభాలు కూడా వేయించారు. అలా గడిచిన రోజుల్లో లక్షల ఇళ్లకు కొత్తగా కరెంటు పోవాల్సి రావడంతో, సముద్రపు ఒడ్డున ఉన్న విద్యుత్ కేంద్రంలో బొగ్గు మునుపటికంటే కాస్త ఎక్కువ కాల్చవలసి వచ్చింది.

ఆ రాత్రి మస్తానమ్మ ఎప్పటిలాగే కళ్లు మూసుకుంది. వంటిల్లు తళతళలాడుతోంది. అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. పొయ్యి మీద పథకం స్టిక్కరు. అన్నం చప్పుడు లేకుండా ఉడుకుతోంది. మస్తానమ్మ చాలాసేపు చూసింది. అమ్మ ఇటు తిరగలేదు. మర్నాడూ తిరగలేదు. వారం రోజులూ వీపే. దాంతో ఆమెకు ఇల్లూ వాకిలీ సహించలేదు. ఈ వయసులో తల్లి లేనిదాన్నయ్యానని కూతురి దగ్గర భోరుమంది. ఎనిమిదో ఏట అంత ఏడ్చిందో లేదో ఆమెకు గుర్తులేదు.

మళ్లీ మండల కార్యాలయానికి వెళ్లి, అమ్మ తిరగడం లేదని ఫిర్యాదు చేసింది. తిరుపాలు ఉత్తర్వులన్నీ ఓపిగ్గా తిరగేశాడు. పొయ్యి వెలగకపోతే ఎవరికి చెప్పాలో ఉంది, స్తంభం ఒరిగితే ఎవరికి చెప్పాలో ఉంది, మనిషి తిరగకపోవడం గురించి ఏమీ లేదు.

“పొగ లేనప్పుడు ఆమె మొగం తిప్పాల్సిన పనేముంటాదమ్మా?” అన్నాడు చివరికి. “ఒకరకంగా ఆమె కళ్లకు మంచిదే.”

ఆ మాట అన్నాక అతనికే బాగోలేదు. మా నాయనది గూడా ఇచ్చేశానమ్మా, అని చెప్పుకొచ్చాడు. వాళ్ల నాయన అరుగు మీద కూర్చుని బీడీ తాగుతూ లెక్కలు నేర్పేవాడు. ఇప్పుడు రెండు వేళ్లు నోటి దగ్గర పెట్టుకుని ఊరికే కూర్చుంటాడు. ఎందుకు పెట్టుకున్నాడో ఆయనకూ తెలియనట్టుంటుంది. లెక్కలు చెప్పడం మానేశాడు.

సంచి తిరిగి ఇప్పించమని అడిగింది మస్తానమ్మ. సంచులు తమ దగ్గర ఉండవన్నాడు. అంత పొగను దాచే గోదాములు ఎక్కడా లేవు. అనుమతి ఉన్న పొగగొట్టం గుండా వదిలిన పొగను వదిలినట్టు లెక్కించకూడదని నిబంధన ఉంది కాబట్టి, ఈ జిల్లా సంచులన్నీ విద్యుత్ కేంద్రానికి పంపి మూడో గొట్టంలోంచి వదిలేస్తున్నారు. అప్పుడు అది మళ్లీ గాలిలోకే పోయింది గదా అని ఆమె అడిగితే, అది వర్తమానమనీ, తమ శాఖ గతానికి మాత్రమే బాధ్యత వహిస్తుందనీ అతను వివరించాడు. అందులో అతని తప్పేమీ లేదు.

మూడో గొట్టం సంగతి ఆమెకు సరిగ్గా తెలియజెప్పింది ఎదురింటి పెంచలయ్య. ఆయన పొగబండి డ్రైవరుగా పనిచేసినవాడు. ఇంజన్ కూత గురించి మొదలుపెడితే వినేవాళ్లు చెప్పుల కోసం వెతుక్కునేవాళ్లు. ఆయన ఇచ్చిన పొగ ముప్పై ఒక్క సంచులు. దాంతో ఆయన ఉద్యోగమంతా కరెంటు ఇంజన్ల మీద చేసినట్టయింది. ఆయన పొగరును కూడా కంప్యూటరు పట్టిచ్చింది, ఇంజన్ పొగతో కలిసిపోయి ఉండటంతో అదీ సంచుల్లోకి పోయింది. ఎవరు పలకరించినా మెత్తగా తలూపి ఊరుకుంటున్నాడు. అలాంటి మనిషి ఒక శుక్రవారం నెల్లూరు బస్సుకు బదులు పొరపాటున సముద్రం వైపు బస్సెక్కి, విద్యుత్ కేంద్రం గోడ దగ్గర దిగాడు. మూడింటి వేళ సముద్రపు గాలి తిరిగి, మూడో గొట్టం పొగ గోడ ఇవతలికి వాలింది. తన ఇంజన్ ఎనిమిది నిమిషాలు ఆయన చెవిలో కూసింది. ఇంటికొచ్చి భార్యను గదమాయించాడు. ఆమె సంతోషంతో వీధంతా చెప్పింది.

ఆదివారం మస్తానమ్మను ఆయనే వెంటబెట్టుకుపోయాడు. గోడ పక్కన తుమ్మచెట్ల మధ్య ఇద్దరూ నిలబడ్డారు. మూడయింది. పొగ వాలింది. అందులో ఎవరెవరివో వంటలు, భోగిమంటలు, సాంబ్రాణి, కాలుతున్న చెరకాకు కలగాపులగంగా ఉన్నాయి. మస్తానమ్మ కళ్లు భగ్గుమన్నాయి. కళ్లు మూసుకుంది. తాటాకుల వంటింట్లో అమ్మ ఊదుతూ ఊదుతూ ఇక తట్టుకోలేక మొగం పక్కకు తిప్పింది. ఎడమ చెంప మీద మసి. మస్తానమ్మ అక్కడే ఇసకలో కూలబడింది. పెంచలయ్య దూరంగా జరిగి అటు తిరిగి నిలబడ్డాడు.

రెండు నెలలు తిరిగేసరికి ఆ గోడ దగ్గరికి ఆదివారాలు మూడు మండలాల జనం రావడం మొదలైంది. సద్దులు కట్టుకుని వచ్చేవాళ్లు. ఆర్టీసీవాళ్లు రెండు బస్సులు అదనంగా వేశారు. విద్యుత్ కేంద్రంవాళ్లు రేకుల పంచ వేయించి, మంచినీళ్ల కుండలు పెట్టించి, గాలి ఏ వేళకు తిరుగుతుందో పలక మీద రాయించారు. పిల్లల్ని ఎత్తుకుని, అదిగో మీ ముత్తాత, అని పైకి చూపించేవాళ్లు. లాస్యను కూడా తీసుకుపోయేది మస్తానమ్మ. ప్రమీలకు అది ఇష్టం లేదు. పొగలో పసిపిల్లను నిలబెట్టడం ఏమిటని ఒకటి రెండుసార్లు గట్టిగానే అంది. తల్లి మొగంలో మళ్లీ కళ వచ్చిందని ఆమెకూ తెలుసు, అందుకని మూడోసారి అనలేదు.

అలాంటి సమయంలో ఒక పెద్ద నిర్ణయం జరిగింది. విద్యుత్ కేంద్రం పాతబడిందని, దాని పొగ వల్ల చుట్టుపక్కల గాలి చెడిందని కొలతలు వచ్చాయి. మొట్టమొదటిసారిగా ప్రభుత్వం వర్తమానంలో ఒక గొట్టాన్ని మూయాలనుకుంది. అది మూడోది. చట్టం ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. షామియానాలు, కుర్చీలు, మైకు, నూటయాభై మంది పోలీసులు. ఇలాంటి సభల్లో జనం కేంద్రం వద్దని రాళ్లు విసరడమే అధికారులకు అలవాటు. ఈసారి మూసేస్తామని చెప్పడానికే వచ్చారు కాబట్టి, నిశ్చింతగా దండలు కూడా తెప్పించుకున్నారు.

మొదటి పేరు మస్తానమ్మది. మైకు పట్టుకుని మూడో గొట్టం వైపు వేలు చూపించింది.

“ఆ గొట్టంలో మా అమ్మ ఉండాది సార్,” అంది. “మీరు అడిగినారు, ఇచ్చినాము. మీరే తీసుకపోయి ఆడ పెట్టినారు. ఇప్పుడు మూస్తామంటే నేను ఒప్పుకోను. ఒకసారి పోయింది చాలు.”

సభలో ఉన్న నాలుగు వేల మందీ లేచి నిలబడ్డారు. పోలీసుల్లో కొందరు టోపీలు తీశారు. తర్వాతి పేరు ప్రమీలది. మూయాల్సిందేనని చెప్పడానికే ఆమె పేరు ఇచ్చింది, కాగితం మీద నాలుగు మాటలు రాసుకుని కూడా వచ్చింది. మైకు తీసుకుని తల్లి వైపు చూసింది. కాగితం మడిచి, చెప్పేదేమీ లేదని మైకు వెనక్కిచ్చింది.

కేంద్రంతో స్థానికులకు ఆత్మీయ అనుబంధం ఉందని అధికారులు నివేదిక రాశారు. మూడో గొట్టం మూసివేత రద్దయింది. ప్రజల కోరిక మేరకు నాలుగోదానికి శంకుస్థాపన జరిగింది. గడిచిన రోజుల్లోని పొగ నూటికి తొంభై ఎనిమిది పాళ్లు తగ్గినందుకు ఆ జిల్లాకు బహుమతి కూడా వచ్చింది. దాన్ని అందుకోవడానికి తిరుపాలే వెళ్లాడు.

కార్తీకంలో లాస్యకు దగ్గు పట్టుకుంది. ప్రమీల, మస్తానమ్మ కలిసి పిల్లను ఊళ్లో ఆసుపత్రికి తీసుకెళ్లారు. డాక్టరు వీపు మీద గొట్టం పెట్టి విని, ఎన్నాళ్ల నుంచి అని అడిగాడు. ప్రమీల చెప్పబోయేలోపే మస్తానమ్మ మనవరాలి తల నిమురుతూ, ఈ దగ్గు మా అమ్మ పోలిక నాయనా, మా ఇంట్లో ఆడోళ్లకు ఉండేదే, అంది. ఆమె గొంతులో దిగులు లేదు, మురిపెం ఉంది. డాక్టరు ప్రమీల వైపు చూశాడు. ప్రమీల నేల వైపు చూసింది. కారణం అని ఉన్న చోట అతను వంశపారంపర్యం అని రాసి చీటీ చేతికిచ్చాడు. ఆ వారంలో అతను అలా రాయడం అది నలభై ఒకటోసారి.