నడుము వంపు

మా వీధి చిత్రకారుడుగారి భార్యకు నడుము నొప్పి పట్టుకుందని కళాభిమానులకు తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఆ నొప్పి లేకపోతే ఆ వంపు లేదు. ఆ వంపు లేకపోతే మా వీధికి ఇంత పేరూ లేదు.

చిత్రకారుడుగారు జానపద శైలిలో సామాన్యుల బతుకు తప్ప మరొకటి గీయరు. లావుపాటి గీతలు, చారెడేసి కళ్ళు, ముదురు రంగులు. సామాన్యుల కోసం ఆయన ఊళ్ళు పట్టుకు తిరగలేదు. ఇంట్లోనే ఒకావిడ ఉంది. ఆవిడ వంగి ఇల్లు ఊడుస్తుంటే “కదలకు!” అంటారు. ఆవిడ ఆగిపోతుంది. పొయ్యి మీది పాలు ఆగవు. అవి తుడవడానికి ఆవిడ మళ్ళీ వంగుతుంది. అలా ఇంకో చిత్రం తయారవుతుంది.

ఇకమీదట వంగితే మంచాన పడతావని డాక్టరు చెప్పాడు. ఆవిడ పొడుగు కర్ర చీపురు కొని తెచ్చుకుని, నిటారుగా నిలబడి ఊడవడం మొదలుపెట్టింది. భార్య అంత పొడుగని ఆయనకు అప్పుడే తెలిసింది.

“ఇదేమిటే? ఇక జనం నా బొమ్మల్లో ఏం చూడాలి?”

“నిలబడ్డ మనిషిని చూడమనండి. కళ్ళేం పోవు.”

కళాపోషక సంఘం హుటాహుటిన సమావేశమైంది. కుర్చీలోంచి లేవడానికి ఇద్దరి సాయం కావలసిన అధ్యక్షులవారు గర్జించారు: “ఆ వంపు ఆమె ఒక్కదానిదా? జాతి సొత్తు! దాన్ని ఒక ప్లాస్టిక్ కర్రకు బలిపెడతామా?” చప్పట్లు మోగాయి. నాకు ఒళ్ళు మండింది. అందరూ కొడుతున్నారు కదా అని నేనూ కొట్టాను. పొడుగు చీపురును సగౌరవంగా స్వాధీనం చేసుకోవాలనీ, ఆవిడకు ‘శ్రమసౌందర్య’ బిరుదు ఇవ్వాలనీ ఏకగ్రీవంగా తీర్మానించాం.

సన్మానం రోజున పతకం మెడలో వేయడానికి ఆవిడను కాస్త వంగమన్నారు. వంగింది. వెంటనే లేవలేకపోయింది. ఎంత సహజంగా ఉందోనని ఫోటోగ్రాఫరు మురిసిపోయాడు.

మొన్న ఆదివారం కొత్త చిత్రం చూడడానికి అందరం వాళ్ళింటికి వెళ్ళాం. గోడంత చిత్రం. ఆ వంపులోని వేదనకు మా కళ్ళు చెమర్చాయి. మీరున్నా చెమర్చేవి. ఇంతలో ఎవరో అడ్డొచ్చారు. పొట్టి చీపురుతో, రెండో చెయ్యి నడుముకు ఆన్చుకుని, మా కాళ్ళ దుమ్ము ఊడుస్తోంది.

“కాస్త పక్కకు జరగమ్మా,” అన్నాం, “బొమ్మ కనబడటం లేదు.”