చేప పేగూ, బావగారి కడుపుమంటా

ఆ ఉదయం బావగారు పెట్టుకున్న పని చిన్నదే. బావమరిదికన్నా ముందు ప్రయోగశాలకు వెళ్ళి తన చేపల్ని ఒకసారి చూసుకోవాలి. ఇద్దరూ అక్కడ పరిశోధకులే. చేపల పేగుల్లోని మంచి బాక్టీరియాను పెంచి, మేతలో కలిపి పెడితే చెరువు చేపలు రోగాలకు తట్టుకుని బలంగా పెరుగుతాయా అని చూడటం వాళ్ళ పని. ఎవరి బాక్టీరియా వాళ్ళది, ఎవరి తొట్టి వాళ్ళది. రోజూ కడిగి చోటు మార్చే ఆ తొట్లు ఒకేలా ఉంటాయి, పేరు చీటీయే గుర్తు. తూకం మాత్రం ప్రయోగశాల పెద్ద, మేడం ఎదుటే వెయ్యాలి. అది ఇవాళే. ఎవరి చేపలు ఎక్కువ బరువు తూగితే వాళ్ళకు, ఆ బాక్టీరియాను పెద్ద ఎత్తున పరీక్షించడానికి చెరువు అప్పగిస్తారు.

చెరువు మాట అటుంచి, ఇంట్లో భార్య పొద్దస్తమానం "మా తమ్ముడు, మా తమ్ముడు" అంటుంటే బావగారికి ఒళ్ళు మండిపోయేది. తీరా వెళ్ళి చూస్తే, బావమరిది తొట్టిలో చేపలు మనిషి అలికిడికే ఎగిరెగిరి పడుతున్నాయి. తనవేమో మేత వేసినా మాకేం పట్టిందన్నట్టు అడుగున పడి ఉన్నాయి. అక్కసు ఆపుకోలేకపోయాడు. చుట్టూ ఎవరూ లేరు కదా అని రెండు తొట్ల మీది పేర్ల చీటీలు పీకి, అటుది ఇటూ ఇటుది అటూ అంటించేశాడు.

కాసేపటికి బావమరిది వచ్చి, తన చీటీ ఉన్న తొట్టి చూసి నీరుగారిపోయాడు.

"నిన్న సాయంత్రం బానే ఉన్నాయి బావా. రాత్రికి రాత్రి ఏమైంది వీటికి?"

"చేపలన్నాక అంతేరా. దిగులుపడకు."

అంతటితో ఊరుకుంటే బావగారెందుకవుతాడు? భార్యకు ఫోన్ చేసి, "మీ తమ్ముడికి కాస్త ధైర్యం చెప్పు పాపం" అన్నాడు. మేడం రాగానే, "ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళకి సహాయకులుగా ఉంటే బాగుంటుందండీ" అని సలహా కూడా పారేశాడు. మేడం సరేనంది.

తూకం మొదలైంది. గంతులేసే చేపలు బరువు లేక తేలిపోయాయి. అడుగున పడుకున్నవాటిని పైకి తీసేసరికి చెయ్యి లాగేసింది.

"ఇవి తిన్నది వంటబట్టి, కడుపు నిండి పడుకున్నాయి" అంది మేడం. "అవేమో ఎంత తిన్నా ఒంటికి పట్టక ఆకలితో ఎగురుతున్నాయి. చెరువు మీ బావమరిదిదే. ఈ లావుపాటి చేపల పేగుల్లోంచే బాక్టీరియా తీసి పెంచండి."

గెలిచింది తన బాక్టీరియానే. ఆ మాట చెప్పాలంటే చీటీల సంగతీ చెప్పాలి. కక్కలేక మింగలేక బావగారు చప్పట్లు కొట్టాడు. ఈలోగా భార్య ఫోను. "వాడు గెలిచాడటగా. వాణ్ణి చూసైనా నేర్చుకోండి."

మర్నాటినుంచి బావగారు సహాయకుడిగా చేరి, ఆ బాక్టీరియాను కంటికి రెప్పలా సాకసాగాడు. అది చూసి ముచ్చటపడి మేడం అందరితో చెప్పింది: "బావమరిది పనిని సొంత పనిలా చేస్తున్నాడు. మనిషికి అసూయంటే ఏంటో తెలీదు."