మిష్మిష్ తలంటు

ఆ ఉదయం హసీనా అనుకున్న పని చాలా చిన్నది. మిష్మిష్‌ను తయారు చేయాలి, డ్రైవర్ గణపతి బండిలో నిజ్వా నుంచి మస్కట్ తీసుకెళ్ళి పోటీ జరిగే చోట తాను పనిచేసే ఇంటి మేడం చేతిలో పెట్టాలి, పోటీ అవగానే ఇస్తానన్న సెలవు మీద మర్నాడు విమానమెక్కి రాయచోటి పోవాలి. శుక్రవారం చెల్లెలి నిఖా. హసీనా కోసం ఇప్పటికే ఒకసారి వాయిదా వేశారు. "ఈసారి నువ్వు వచ్చినా రాకపోయినా కానిచ్చేస్తాం" అని వాళ్ళమ్మ ఫోనులో తెగేసి చెప్పింది.

మిష్మిష్ మనిషి కాదు, గినీ పిగ్. లుంకారియా అనే అరుదైన జాతి. నాదియా మేడం దాన్ని స్వీడన్ నుంచి విమానంలో తెప్పించుకుంది. ఒళ్ళంతా పొడుగాటి జుట్టు, సుడులు సుడులుగా మెలితిరిగి నేల మీద జీరాడుతుంటుంది. హసీనా దాన్ని మేడం ముందు మిష్మిష్ అనీ, మేడం లేనప్పుడు పందికొక్కు అనీ పిలిచేది. పిలవదా మరి! ఆమె చేత్తో పెడితే తప్ప అది గడ్డి ముట్టదట, అందుకని ఆమెకు సెలవు లేదట. నిరుడు దానికి విరేచనాలని ఆపారు. మొన్న రంజాన్ తర్వాత దానికి బెంగ పట్టుకుంటుందని ఆపారు. తల్లి మొహం చూడక మూడేళ్ళయిన మనిషి ఇంట్లో ఉండగా బెంగ పందికొక్కుకా! వినేవాళ్ళకే ఒళ్ళు మండుతుంది.

నాదియా మేడం చెడ్డదేమీ కాదు. కానీ ఆమెతో ఒక చిక్కుంది. సంతోషంలో ఇచ్చిన మాట "బుక్రా, బుక్రా" అంటూ ఎప్పటికీ రేపటిలోనే ఉండిపోతుంది. కోపంలో అన్న మాట మాత్రం ఆ పూటే జరిగిపోతుంది. తోటమాలి జిలాని సెలవు కోసం ఎన్ని దండాలు పెట్టినా దొరకలేదు. పొరపాటున మేడం ముద్దుగా పెంచుకుంటున్న నిమ్మచెట్టు కొట్టేసిన నాడు, సాయంత్రానికల్లా టికెట్ చేతిలో పెట్టి పంపేసింది.

పోటీ ఏర్పాట్ల కోసం మేడం ముందురోజే మస్కట్‌లోని పుట్టింటికి వెళ్ళింది. వెళుతూ వెళుతూ హిందీ, అరబ్బీ కలిపి, "రేపు మిష్మిష్‌ను పెళ్ళికూతురిలా తయారు చేసి తీసుకురా" అంది. ఆ జుట్టుకు దువ్వెన తగలకూడదని గానీ, నీళ్ళు పోయకూడదని గానీ చెప్పలేదు. జుట్టు సంగతి ఎప్పుడూ తానే చూసుకునేది కాబట్టి చెప్పాలని తోచలేదు.

పెళ్ళికూతుర్ని ఎలా తయారు చేయాలో రాయచోటి మనిషికి వేరే చెప్పాలా? హసీనా పొద్దున్నే కొబ్బరినూనె గోరువెచ్చగా కాచి మిష్మిష్‌కు నెత్తి నుంచి తోక ఉండాల్సిన చోటు దాకా పట్టించింది. ఊరి నుంచి తెచ్చుకున్న కుంకుడుకాయలు నానబెట్టి, నురుగు తీసి, రెండు విడతలు రుద్దింది. జుట్టు ఆరడానికి సాంబ్రాణి కావాలి. మేడం చుట్టాల కోసం దాచుకున్న సలాలా లుబాన్ ధూపం హాల్లోనే ఉంది. నిప్పుల మీద వేసి పొగ పట్టింది. మిష్మిష్ గట్టిగా తుమ్మింది. ఆ తర్వాత చిక్కుదువ్వెన తీసుకుని, "ఎట్లా పెంచినారో ఏమో, సన్నాసోళ్ళ జడల్లాగ!" అని తిట్టుకుంటూ ఒక్కొక్క సుడినీ ఓపిగ్గా విప్పి, నున్నగా దువ్వి, నడిమి పాపిడి తీసింది. దిష్టి తగలకుండా బుగ్గన కాటుక చుక్క కూడా పెట్టింది.

డ్రైవర్ గణపతిది సిరిసిల్ల పక్క పల్లె. మేడంను ఇంతకుముందు పోటీలకు తీసుకెళ్ళినవాడు. బండి తెచ్చి గుమ్మం ముందు పెట్టి, బుట్టలోకి తొంగి చూశాడు.

"అక్కా, మిష్మిష్ ఏది?"

"కండ్లు పోయినాయా? ఇదే!"

"ఇది మిష్మిష్ గాదు. గా సుట్టలు సుట్టలున్న ఎంటికలేవి? బహుమతి ఇచ్చేదే గా సుట్టలకు!"

హసీనా చేతిలోని దువ్వెన ఝళిపించింది. "నాకెవురన్నా చెప్పినారా? పెండ్లికూతురి మాదిరి చెయ్యమనింది, చేసినా!"

"గట్లని తలంటు వోస్తవా? మేడం జూసిందంటే సెలవు గిలవు ఏం లేదిగ!"

"నా సెలవు మాటెత్తినావంటే ఈ దువ్వెనతోనే కొడతా!"

బండి బయల్దేరి దారిలో సమాయిల్ ఊరు వచ్చేదాకా ఇద్దరూ తిట్టుకున్నారు. అక్కడ పెట్రోలు బంకు దగ్గర బండి ఆపగానే గణపతికి ఒక ఉపాయం తట్టింది. టీ కొట్టులో జ్యూసు తాగే గొట్టాలు అడిగి తెచ్చి, ముక్కలు చేసి, జుట్టును తడిపి వాటికి చుట్టి రబ్బరు బ్యాండ్లు వేద్దామన్నాడు. హసీనా చుట్టింది, గణపతి ఏసీ దాని వైపు తిప్పాడు. మిష్మిష్ ఇద్దరినీ అసహ్యంగా చూసింది. గణపతి స్టీరింగుకు దండం పెట్టి, "వేములవాడ రాజన్నా, మా హసీనక్క ఇంటికి వోయేటట్టు జూడు. నీకు తలనీలాలిస్త" అని మొక్కుకున్నాడు.

హాలు బయట గొట్టాలు ఊడదీశారు. నూనె పట్టిన జుట్టు ఏ గొట్టానికి లొంగుతుంది? ఒక పక్క నున్నగా వాలిపోయింది, ఇంకో పక్క ఉబ్బి లేచి నిలబడింది. సర్దుదామంటే తీరిక లేదు. మేడం పరుగెత్తుకుంటూ వచ్చి, చూడకుండానే బుట్ట లాక్కుని జడ్జి ముందు పెట్టింది.

విదేశం నుంచి వచ్చిన జడ్జి మిష్మిష్‌ను బల్ల మీద పెట్టి అటూ ఇటూ తిప్పాడు. వేలితో కాటుక చుక్క తుడిచి, ఆ వేలు చూసుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. "ఇది లుంకారియా కాదు. అసలు ఏం జంతువో కూడా చెప్పలేను. దీన్ని వంటకు సిద్ధం చేశారా?" అన్నాడు. చుట్టూ జనం నవ్వారు.

నాదియా మేడం మొహం కందగడ్డయింది. అంతమంది ముందే హసీనా మీద విరుచుకుపడింది. "ఖల్లాస్! రేపే ఇండియా పో! ఇక నా కంటికి కనపడకు!"

మూడేళ్ళలో అంత చల్లని మాట హసీనా వినలేదు. నవ్వు కనపడకుండా తల వంచుకుంది. మేడం నోట కోపంలో వచ్చిన మాట, ఇక తిరుగులేదు. గణపతి మెల్లగా, "రాజన్న ఇన్నడక్కా" అన్నాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. చూడడానికి వచ్చిన ఆడవాళ్ళు మిష్మిష్ చుట్టూ మూగారు. ఈ మెరుపేమిటి, ఈ లుబాన్ వాసనేమిటి, ఈ ముచ్చటైన పాపిడి ఎవరు తీశారు అని ఒకటే ఫోటోలు. ఆ సందడి చూసి నిర్వాహకులు 'ఉత్తమ అలంకరణ' కప్పు తెచ్చి మిష్మిష్ పక్కన పెట్టారు. మేడం అటు కప్పును చూసింది, ఇటు హసీనాను చూసింది. ఒక్క దూకున వచ్చి వాటేసుకుంది.

"నా బంగారం! వచ్చే నెల దుబాయిలో పెద్ద పోటీ. నువ్వు లేకుండా ఎలా?"

"మేడం, శుక్రవారం మా చెల్లెలి నిఖా. ఇప్పుడే పొమ్మన్నారు కదా!"

"అది కోపంలో అన్నాను. సెలవు బుక్రా!"

ఎంత అన్యాయం! తిట్టిన తిట్టు కూడా వెనక్కి తీసేసుకుంది. మేడం పుట్టింట్లో విందుకు ఆగిపోయింది. హసీనా కప్పు ఒళ్ళో, మిష్మిష్ బుట్ట పక్కన పెట్టుకుని గణపతి బండిలో నిజ్వా దారి పట్టింది. కళ్ళనీళ్ళు కారుతుంటే పళ్ళు కొరుకుతూ కూర్చుంది.

"చెడగొడితే పంపిస్తాదంట, బాగా చేస్తే కట్టేసి పెట్టుకుంటాదంట. దీని పాడుగాను!" అంది. నిజ్వా బజారు రాగానే ఒక్కసారిగా నిటారుగా కూర్చుంది. "గణపతీ, బండి ఆపు."

ఎదురుగా ఇస్రార్ క్షవరం దుకాణం.

"అక్కా, వద్దు! మేడం ఇద్దర్ని సంపుతది!"

"నువ్వు తలనీలాలిస్తానని మొక్కినావు. ఎవురి తలో చెప్పినావా?"

గణపతి తన తల తడుముకుని, బుట్ట అందుకుని ఆమె వెనకే దుకాణంలోకి నడిచాడు. ఇస్రార్ మిషన్ చేతిలో పట్టుకుని బుట్టలోకి చూసి, "పూరా?" అని అడిగాడు.

"పూరా!" అంది హసీనా.

సాయంత్రం మేడం వచ్చి గూడు తలుపు తీసింది. లోపల నున్నటి గులాబీ ముద్ద ఒకటి, ప్రాణానికి ఎంతో హాయిగా ఉన్నట్టు, గడ్డి నములుతోంది. మేడం వేసిన కేకకు పక్కింటి మేకలు బెదిరాయి. "పో! ఇండియా పో! బుక్రా కాదు, ఇప్పుడే!" బీరువాలోంచి పాస్‌పోర్టు వచ్చింది, ఫోనులో టికెట్ వచ్చింది. హసీనా సంచీ అప్పటికే గుమ్మంలో ఉంది.

మేడం మళ్ళీ చల్లబడేలోపు గణపతి ఆమెను ఎయిర్‌పోర్టులో దింపాడు. "అక్కా, నా మొక్కు తీరినట్టేనా?" అని దిగులుగా అడిగాడు.

"తీరిందిలే తమ్ముడా. మీ దేవునికి ఎంటికలు కావాల, ఇచ్చినాం" అంటూ హసీనా వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

గణపతి తిరిగొచ్చి, ఎందుకైనా మంచిదని, ఇస్రార్ దగ్గర తనూ గుండు కొట్టించుకున్నాడు.