మూడు వందల మంది మెచ్చిన గోడ

ఆ రోజు ఉదయం బాబాయి వేసుకున్న పథకం చాలా చిన్నది. మూడు వందల బ్యాండ్లు కడగాలి, ఆరబెట్టాలి, మధ్యాహ్నం ఒంటిగంటకల్లా గేటు దగ్గర అప్పజెప్పాలి. వినోదాల పార్కులో ఆయన ఉద్యోగమే అది. లోపలికి వచ్చిన ప్రతి మనిషి చేతికీ ఒక రబ్బరు బ్యాండు కడతారు, పోయేటప్పుడు విప్పి తీసుకుంటారు. వాటికి అంటుకున్న చెమటా, ఐస్‌క్రీం జిగురూ వదలగొట్టేది ఈయన. చిన్నా పెద్దా అందరూ ఆయన్ని బాబాయి అనే పిలుస్తారు. జీతం పెంచమని అడిగిన రోజున మాత్రం ‘ఏమయ్యా’ అంటారు.

బ్యాండు లోపల గోరంత చిప్పు ఉంటుంది. ఏ మనిషి ఎక్కడ ఆగాడు, ఎంతసేపు ఆగాడు, ఏ ఆట చూసి మొహం తిప్పుకున్నాడు, అన్నీ అది పై అంతస్తుకు మోసేస్తుంది. అక్కడి ఆఫీసులో గోడంత తెర మీద ఒక్కో మనిషీ ఒక్కో చుక్క. ఆ చుక్కలు చూసి బెంచీ ఎక్కడ వెయ్యాలో, పాప్‌కార్న్ బండి ఎక్కడ నిలపాలో, ఏ ఆట ఎత్తెయ్యాలో పెద్ద చదువులు చదివినవాళ్లు తేలుస్తారు. కిటికీ తెరిచి కిందకు చూసినా తెలిసే సంగతులే. కానీ ఏసీ చల్లదనం పోతుందని కిటికీలు తెరవరు.

“ఇప్పటికే రెండు మెమోలు తెచ్చావు,” అంది భార్య, భోజనం డబ్బా చేతికిస్తూ. “తడి బ్యాండ్లు ఇచ్చినందుకు ఒకటి. మళ్లీ తడి బ్యాండ్లే ఇచ్చినందుకు ఇంకోటి. మూడోది ఇస్తే ఇంటికి పంపేస్తారంటగా? ఇంటికొచ్చి ఇక్కడేం ఊడబొడుస్తావు?”

“ఊరుకోవే. ఇవాళ చుక్క తడి ఉంటే నన్నడుగు.”

“అడగను. సామాను సర్దుతాను.”

తొమ్మిదిన్నరకు బ్యాండ్లన్నీ కడగడం అయింది. ఆరబెట్టే మిషను మీట నొక్కాడు. అది ముసలి దగ్గు ఒకటి దగ్గి, చల్లబడిపోయింది. బాబాయి దాన్ని బతిమాలాడు, తిట్టాడు, చివరికి కాలితో తన్నాడు. ఫలితం లేదు. బాగు చేసేవాణ్ణి పిలవాలంటే అర్జీ పెట్టాలి. అర్జీ మీద సంతకానికి మూడు రోజులు పడుతుంది.

‘బ్యాండ్లను ఈ గది దాటించరాదు’ అని తలుపు మీద బోర్డు ఉంది. ఎందుకు దాటించకూడదో రాయలేదు. ఆ గదిలో ఉన్న బ్యాండ్లను మనుషులుగా చూడొద్దని తెరకు ముందే నేర్పి పెట్టారు. గుమ్మం దాటితే మాత్రం ప్రతి బ్యాండూ ఒక మనిషే. ఆ ముక్క బాబాయికి ఎవరూ చెప్పలేదు. కడిగేవాడికి చెప్పేదేముందని.

పంపు గది వెనక ఒక మొండి గోడ ఉంది. రంగు లేదు, బొమ్మ లేదు. రోజంతా నీడ పడుతుంది. పంపు గది ఫ్యాను ఊదే గాలి నీళ్ల తొట్టి మీదుగా చల్లగా వచ్చి తగులుతుంది. ఆరేళ్లుగా బాబాయి అన్నం తినేది అక్కడే. అంత పెద్ద పార్కులో ఒళ్లు చల్లబడే చోటు అదొక్కటే అని ఆయనకు తెలుసు. ఆయన్ని ఎవరూ అడగలేదు కాబట్టి ఇంకెవరికీ తెలియదు. ఆ గోడకు తీగ కట్టి, పది గంటలకు మూడు వందల బ్యాండ్లూ వరసగా తగిలించాడు.

పదకొండూ ఇరవైకి పైన తెర చూసే అమ్మాయి కుర్చీలోంచి లేచి నిలబడింది.

“సార్! పంపు గది వెనక మూడు వందల మంది ఉన్నారు!”

మేనేజరు టీ కప్పుతో వచ్చాడు. “అక్కడ ఏముంది?”

“గోడ సార్.”

“గోడ మీద?”

“ఏమీ లేదు సార్.”

“మరేం చేస్తున్నారు వాళ్లు?”

“ఊరికే ఉన్నారు. గంటా ఇరవై నిమిషాలైంది. ఒక్కరు కదిలితే ఒట్టు. బాత్రూముకి కూడా పోలేదు సార్.”

మేనేజరు కప్పు కింద పెట్టేశాడు. కోట్లు పోసి తెచ్చిన ఆటల దగ్గర జనం నాలుగు నిమిషాలు నిలబడితే ఆయన స్వీట్లు పంచేవాడు. ఇంతలో ఫోను మోగింది. ఓనరు. ఆ తెర ఆయన ఫోనులోనూ కనిపిస్తుంది.

“ఏమయ్యా, ఆ మూలన ఏం పెట్టావు? జనం అతుక్కుపోయారే!”

తెలియదు అనవచ్చు. కానీ తెలియదు అనే అలవాటు ఉంటే ఆయన మేనేజరు అయ్యేవాడే కాదు.

“చిన్న ప్రయోగం సార్. జనానికి మనశ్శాంతినిచ్చే చోటు. ఫలితం చూసి మీకు చెబుదామని…”

“శభాష్! బయల్దేరుతున్నా. కళ్లారా చూడాలి.”

ఫోను పెట్టగానే మేనేజరు ఆజ్ఞలు జారీ చేశాడు. మూడు వందల మందికీ ఐస్‌క్రీం బండి పోవాలి. తోపులాట జరగకుండా నలుగురు సెక్యూరిటీ వాళ్లు పోవాలి. బండి గంట మోగించుకుంటూ బయల్దేరింది, పక్కన కర్రలతో నలుగురు. అంత కాపలాతో పోతున్నది ఏమిటో చూద్దామని, ఎండలో మాడుతున్న జనం దాని వెనక పడ్డారు.

గోడ నీడలో బాబాయి ముద్ద నోట్లో పెట్టుకోబోతూ తలెత్తాడు. నలుగురు సెక్యూరిటీ వాళ్లు. వాళ్ల వెనక ఊరంత జనం. పై ప్రాణాలు పైనే పోయాయి. ‘బ్యాండ్లు గుమ్మం దాటించినందుకు ఇంతమందా!’ అనుకుని, తీగ మీద ఉన్నవన్నీ ఒక్క ఊపులో ఖాళీ బకెట్టులోకి లాగి, గోడ చుట్టూ తిరిగి పరిగెత్తాడు. ఎదురుగా చీపుర్ల గది కనిపించింది. దూరి గడియ పెట్టుకున్నాడు.

పైన అమ్మాయి కెవ్వుమంది. “సార్! అందరూ ఒక్కసారే పరిగెత్తారు!”

“ఎటు?”

“చీపుర్ల గదిలోకి!”

“అందులో ఎంతమంది పడతారు?”

“ఇద్దరు పడితే గొప్ప. ఇప్పుడు కదలడం లేదు సార్… మూడు వందల చుక్కలూ ఒకే చుక్కైపోయాయి!”

మేనేజరు తెర వదిలి తలుపు వైపు పరిగెత్తాడు. రేపు పేపర్లో తన ఫోటో, కింద తొక్కిసలాట అనే మాటా కళ్ల ముందు మెదిలాయి. అంబులెన్సులకు ఫోను చెయ్యమని అరుస్తూ మెట్లు నాలుగేసి దూకుతూ దిగాడు. చీపుర్ల గది తలుపు మీద రెండు చేతులతో బాదాడు.

“లోపలున్నవాళ్లు కంగారు పడకండి! ముందు పిల్లల్ని బయటికి పంపండి!”

“పిల్లలెవరూ లేరండీ,” అని సన్నటి గొంతు వినిపించింది. “నేనొక్కణ్ణే.”

“మిగతావాళ్లో?”

లోపల బకెట్టు కదిలిన చప్పుడైంది.

“ఎవరండీ మిగతావాళ్లు? బ్యాండ్లయితే బకెట్టులో ఉన్నాయి.”

తలుపు తెరుచుకుంది. మేనేజరు బాబాయిని చూశాడు. బకెట్టును చూశాడు. గది మూలమూలలా చూశాడు. అప్పటికి బుర్రకెక్కింది. ఎవరూ చావలేదు. అక్కడే నేల మీద చతికిలబడి, చేతుల్లో మొహం దాచుకుని, “బతికించావయ్యా బాబాయి, బతికించావు,” అన్నాడు. ఆ కృతజ్ఞత నిమిషం పాటు నిలిచింది.

“గుమ్మం దాటించడానికి నీకెన్ని గుండెలు? మూడో మెమో! ఇప్పుడే టైపు చేయిస్తా!”

బాబాయికి ఇంట్లో సామాను సర్దుతున్న చప్పుడు వినిపించినట్టే అయింది. “మిషను చెడిందండీ. తడివి ఇస్తే మెమో, ఆరబెడితే మెమో అంటే ఎట్లాగండీ?”

జవాబు రాకముందే తెర చూసే అమ్మాయి రొప్పుతూ వచ్చింది. “సార్, అంబులెన్సుల్ని వెనక గేటు నుంచి తిప్పి పంపేశాను. ఓనరు గారు వచ్చేశారు. గోడ దగ్గరే ఉన్నారు.”

ముగ్గురూ గోడ చుట్టూ తిరిగి వెళ్లారు. బకెట్టు కూడా వెళ్లింది.

అక్కడ నిజంగానే జనం. చెప్పులు విప్పేసి, గోడకు వీపులానించి, ఐస్‌క్రీం నాకుతూ రెండు వందల మందికి తక్కువ లేరు. ఒక చంటిది తల్లి ఒళ్లో నిద్రపోతోంది. ఒక ముసలాయన నోరు తెరిచి గురక పెడుతున్నాడు. ఆయన పక్కన, బూట్లు విప్పి, కాళ్లు బారజాపుకుని, పార్కు ఓనరు.

“ఈ పార్కు కట్టాక నేనిందులో కూర్చోవడం ఇదే మొదలు,” అన్నాడు, కళ్లు తెరవకుండానే. “అవునుగాని, దారిలో ఫోనులో చూశాను. అందరూ ఒక్కసారే పరిగెత్తారేం?”

“ఐస్‌క్రీం బండికి ఎదురెళ్లారు సార్,” అన్నాడు మేనేజరు.

“ఈ చోటు కనిపెట్టింది ఎవరు?”

మేనేజరు బాబాయి వైపు చూశాడు. బాబాయి బకెట్టు వైపు చూశాడు. ఇద్దరిలో ఎవరు నిజం చెప్పినా ఇద్దరూ రోడ్డున పడతారు.

“ఆలోచన నాదే సార్,” అన్నాడు మేనేజరు. “కాకపోతే… చోటు చూపించింది ఈ బాబాయి.”

ఓనరు ఒక కన్ను తెరిచాడు. “ఈ మనిషిని ఉద్యోగంలోంచి కదపకు. ఇక్కడే ఓ కుర్చీ వేయించు. విషయం తెలిసినవాడు.”

ఆరేళ్లలో పైవాళ్ల నోట ఆ మాట బాబాయి వినడం అదే మొదటిసారి. బకెట్టులో చెయ్యి పెట్టి తడిమాడు. చుక్క తడి లేదు. ఒంటిగంటకు అయిదు నిమిషాల ముందు మూడు వందలూ గేటు దగ్గర లెక్క అప్పజెప్పి, చాలా రోజుల తర్వాత గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

ఇంటికి వెళ్లేసరికి గుమ్మంలో భార్య. “మెమో వచ్చిందా?”

“లేదు. గోడ పక్కన నాకో కుర్చీ వచ్చింది.”

ఆమె కొంగు నడుముకు దోపుకుంది. లోపలికి వెళ్లి, సగం కట్టిన మూట విప్పేసింది.

మర్నాడు ఉదయం తెర చూసే అమ్మాయి పనిగట్టుకుని కిందికి దిగి వచ్చింది. “బాబాయి, వచ్చే జనంతో పాటు ఇవాళ కూడా ఓ వంద బ్యాండ్లు గోడకు తగిలించమన్నారు మేనేజరు గారు. చుక్కల లెక్క నిన్నటికంటే తగ్గితే బాగోదట.” బాబాయి తీగ తీసుకుని లేచాడు. ఆ వారంలోనే గోడకు రంగు వేశారు, పేరు పెట్టారు, బెంచీలు వేశారు. ఆరబెట్టే మిషనును మాత్రం ఈ రోజు వరకూ ఎవరూ బాగు చేయించలేదు. అది తెర మీద కనిపించదు.