మందుకు ముందు రక్తం

జబ్బుపడిన కుక్కపిల్లల రక్తంలో ఏ విటమిన్ ఎంత ఉందో ప్రభుత్వం తేల్చబోతోందని, ఇలాంటి పథకం దేశంలో మరెక్కడా లేదని కుక్కపిల్లల పోషకాహార మండలి చైర్మన్ కామారెడ్డి గెస్ట్‌హౌస్‌లో ప్రకటించారు. 2012 ఆగస్టు, శుక్రవారం. విలేకరులం తొమ్మిది మందిమి వెళ్లాం. ముందు టిఫిన్ పెట్టారు, తర్వాత ప్రకటన.

మండలి పుట్టి అప్పటికి నలభై రోజులు. టికెట్ రాని చైర్మన్‌కు ఏదో ఒక మండలి ఇస్తామని పార్టీ మాట ఇచ్చింది. ఉన్న మండళ్లన్నీ నిండిపోవడంతో దీన్ని కొత్తగా పెట్టారు. చైర్మన్ నొచ్చుకోలేదు. ఢిల్లీలో ఒక సెమినార్‌కు వెళ్లి రెండు రోజులు కూర్చున్నారు. పేగుల జబ్బుతో వాంతులు, రక్తవిరేచనాలు అయ్యే కుక్కపిల్లల్లో విటమిన్లు తగ్గి ఉంటాయని తెలుసుకొని వచ్చారు.

జబ్బు వల్ల విటమిన్లు తగ్గుతాయా, విటమిన్లు తగ్గడం వల్ల జబ్బు వస్తుందా అని నేను అడిగాను.

"అది తేల్చనీకే గద నన్ను ఏసింది," అన్నారు చైర్మన్.

ఏ విటమిన్లు చూస్తారని పక్క పత్రిక ఆయన అడిగాడు. 'ఎ' విటమిన్ నుంచి మొదలుపెట్టి వరసగా అన్నీ చూస్తామని, ఒక్క విటమిన్‌కు కూడా అన్యాయం జరగనివ్వనని చైర్మన్ హామీ ఇచ్చారు.

పథకానికి నియమం ఒక్కటే. మందుకు ముందు రక్తం. మందు పడితే విటమిన్ల లెక్క తప్పుతుంది కాబట్టి, రక్తం తీసేదాకా కుక్కపిల్లకు ఏ మందూ ఇవ్వకూడదు. ఇది సెమినార్‌లో చెప్పిన మాటే. రక్తం తీసిన వెంటనే మందు మొదలుపెట్టాలని, ఆలస్యం చేస్తే పిల్ల బతకదని ఆ తర్వాత చెప్పారట. ఆ సమయానికి చైర్మన్ భోజనానికి లేచారని ఆయన పి.ఎ. భీమ్‌సింగ్ నాతో అన్నాడు.

తొలి రక్తం చైర్మన్ సమక్షంలోనే తీయాలని మండలి తీర్మానించింది. మండలిలో ఉన్నది చైర్మన్ ఒక్కరే. తీర్మానం ఏకగ్రీవం.

ఎల్లారెడ్డిలో రెండు గదులు కిరాయికి తీసుకొని విటమిన్ కేంద్రం పెట్టారు. పశువుల డాక్టర్ అర్షద్‌ను అందులో వేశారు. పన్నెండు పెట్టెల సెలైన్ వచ్చింది. ప్రారంభోత్సవం అయ్యాకే తెరవాలని పెట్టెలకు సీలు వేశారు. గోడకు ఫ్లెక్సీ కట్టారు. అందులో చైర్మన్ ఒళ్లో కుక్కపిల్ల ఉంది. ఆ జాతి కుక్క మా నియోజకవర్గంలో లేదు.

ప్రారంభోత్సవం సోమవారం పది గంటలకు. దానికి జబ్బు కుక్కపిల్ల ఒకటి కావాలి. ఆదివారం భీమ్‌సింగ్ జీపులో నస్రుల్లాబాద్ దాకా తిరిగి వచ్చాడు.

"అయితే మంచిగున్నయి, లేకుంటే సచ్చినయి. నడిమిట్ల ఒక్కటి లేదన్నా," అన్నాడు.

సోమవారం పొద్దున అలాంటిదే ఒకటి వచ్చింది. గాంధారి దగ్గరి తండా నుంచి లచ్చి దాన్ని గంపలో పెట్టుకొని ఆటోలో తెచ్చింది. మూడు నెలల పిల్ల. లచ్చికి ఇరవై రెండు మేకలున్నాయి. మందను కాసిన తల్లికుక్క, పిల్లల్ని పెట్టిన నెలకే పాము కరిచి చచ్చిపోయింది. నాలుగు పిల్లల్లో మూడు మొన్నటి వారంలోనే ఇదే జబ్బుతో పోయాయి. కుక్క లేదని తెలిసి తోడేలు దొడ్లోకి వచ్చి రెండు మేకపిల్లల్ని ఎత్తుకుపోయింది. ఈ ఒక్క పిల్ల బతికితే మందకు కాపలా ఉంటుంది. లేకపోతే మేకలు అమ్ముకొని లచ్చి చెరకు కోతలకు పోవాలి.

డాక్టర్ అర్షద్ పిల్ల చిగుళ్లు చూశారు. మెడ మీది తోలు పట్టి లాగి వదిలారు. తోలు లేచిన చోటే ఉండిపోయింది. ఒంట్లో నీరు లేదు, సెలైన్ ఇప్పుడే ఎక్కించాలి అన్నారు. భీమ్‌సింగ్ చైర్మన్‌కు ఫోన్ చేశాడు. చైర్మన్ సంతోషించారు.

"ఎట్లున్నదో గట్లనే ఉంచున్రి," అన్నారు.

పిల్ల మెడకు అట్టముక్క కట్టారు. దాని మీద లబ్ధిదారు నంబర్ ఒకటి అని రాశారు. గంపను కుర్చీలో పెట్టి ఎదురుగా టేబుల్ ఫ్యాన్ తిప్పారు.

"ఫ్యానెందుకు సారు, మందెయ్యున్రి," అంది లచ్చి.

"ఏస్తరు. సార్ రానీ," అన్నాడు భీమ్‌సింగ్.

"గప్పటిదాంక బతకాలె గద."

"బతుకుతది. లిస్టుల పేరెక్కింది."

ఆ రోజు చైర్మన్ రాలేదు. కామారెడ్డిలో రెండు పెళ్లిళ్లు ఉన్నాయి. మంగళవారం బంద్. బుధవారం తిథి బాగా లేదన్నారు. చివరికి మళ్లీ సోమవారానికి వాయిదా వేశారు.

మొదటి సోమవారం మధ్యాహ్నమే డాక్టర్ ఒక కాగితం రాసిపెట్టారు. కేంద్రంలో గాలి ఆడనందున లబ్ధిదారును తన ఇంటికి మారుస్తున్నట్టు అందులో ఉంది. వాయిదాపై ప్రకటన కోసం మంగళవారం నేను ఆ ఇంటికి వెళ్లాను. కిటికీ ఊచకు సెలైన్ సీసా వేలాడుతోంది. మనుషుల మందుల దుకాణంలో కొన్నది. డాక్టర్ భార్య హుస్నా తడిగుడ్డతో పిల్ల మూతి తుడుస్తోంది. లచ్చి దాని ముందుకాలు కదలకుండా పట్టుకొని కూర్చుంది. వాయిదాపై వ్యాఖ్యానించబోనని డాక్టర్ చెప్పారు. రాసుకున్నాను. సీసా గురించి నేను అడగలేదు.

తర్వాతి సోమవారం చైర్మన్ నాలుగు కార్లతో వచ్చారు. డప్పులు కొట్టారు. రిబ్బన్ కత్తిరించారు. కింద పడిన రిబ్బన్‌ను ఒక కుక్కపిల్ల నోట కరచుకొని వరండా అంతా పరుగెత్తింది.

"జబ్బు పిల్లేది?" అని చైర్మన్ అడిగారు.

"గదే సార్," అన్నాడు భీమ్‌సింగ్.

చైర్మన్ దాన్ని కొంతసేపు చూశారు.

"గిదా? నాకన్న మంచిగున్నది గదయ్యా."

రక్తం తీయలేదు. పథకానికి జబ్బు పిల్ల రక్తమే పనికొస్తుంది. రక్తానికి ముందే ఎవరో మందు వేశారని, ఇది సైన్సు మీద జరిగిన కుట్ర అని చైర్మన్ మాకు చెప్పారు. ముగ్గురు సభ్యులతో విచారణ కమిటీని ఆ వరండాలోనే వేశారు. ముగ్గురూ నాలుగో కారులో వచ్చినవాళ్లే.

విచారణ బుధవారం జరిగింది. దానికి ముందు భీమ్‌సింగ్ లచ్చిని పక్కకు పిలిచాడు. డాక్టర్ మందిచ్చాడని ఆమె చెబితే డాక్టర్ సస్పెండ్ అవుతాడని వివరించాడు. నిజం చెప్పమని కూడా అన్నాడు. లచ్చి తలూపి లోపలికి వెళ్లింది.

"డాక్టర్ మందిచ్చిండా?" అని కమిటీ అడిగింది.

"ఇయ్యలే."

"సూది?"

"ఎయ్యలే."

"మరి ఎట్ల మంచిగైంది?"

"దానంతటదే అయింది."

"ఏం తాగింది?"

"నీళ్లు. బోరింగు నీళ్లు."

బోరింగు నీళ్లు అని కమిటీ రాసుకుంది. లచ్చి వేలిముద్ర తీసుకున్నారు. తర్వాత సెలైన్ పెట్టెలు చూశారు. పన్నెండూ ఉన్నాయి, సీళ్లు చెదరలేదు. డాక్టర్‌ను కూడా అడిగారు. ఆయన లచ్చి వంక చూసి, ఆమె చెప్పిందే రాసుకోమన్నారు.

బయటికి వచ్చాక లచ్చి ఆయన్ని ఒక్కటే అడిగింది.

"నౌకరి ఉంటది గద సాబ్?"

"ఉంటదవ్వా," అన్నారు డాక్టర్. లచ్చి పిల్లను గంపలో పెట్టుకొని గాంధారి ఆటో ఎక్కింది.

నివేదిక పది రోజుల్లో వచ్చింది. కమిటీల చరిత్రలో ఇది వేగమే. పేగుల జబ్బు ముదిరిన కుక్కపిల్ల ఏ మందూ లేకుండా కోలుకుంది కాబట్టి ఈ ప్రాంతపు కుక్కపిల్లల్లో విటమిన్లు నిండుగా ఉన్నాయని కమిటీ తేల్చింది. నిండుగా ఉన్నాయి కాబట్టి రక్తం తీసి చూడనక్కర్లేదు. సెలైన్ వాడలేదు కాబట్టి అది అవసరం లేనిది. మందు వేస్తే ఉన్న విటమిన్లు చెడే ప్రమాదముంది కాబట్టి ఇకపై ఈ జబ్బుకు డాక్టర్ కేంద్రంలో గాని, ఇంట్లో గాని మందు వేయరాదు. ఆ మధ్యాహ్నమే లారీ వచ్చి పన్నెండు పెట్టెలూ ఎక్కించుకొని పోయింది.

డాక్టర్ అర్షద్ నిజం చెబుదామని కామారెడ్డి వెళ్లారు. ఆ రోజు నేను గెస్ట్‌హౌస్‌లోనే ఉన్నాను. ఆయన రెండు గంటలు బెంచీ మీద కూర్చున్నారు. లోపలికి పిలవగానే చైర్మన్ లేచి కౌగిలించుకున్నారు.

"సార్, ఆ పిల్లకు నేనే..." అన్నారు డాక్టర్.

"తెల్సు. నువ్వే మందియ్యలే. మందియ్యని డాక్టర్‌ని నేను గిప్పటిదాంక చూడలే," అన్నారు చైర్మన్. డాక్టర్‌కు మండలి చేయబోయే సన్మానం తేదీ చెప్పి ఫోను ఎత్తారు.

సన్మానం కామారెడ్డిలో ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. లచ్చిని కారులో తెచ్చి వేదిక మీద రెండో వరసలో కూర్చోబెట్టారు. ఆమెకు పూలదండ వేశారు. డాక్టర్‌కు శాలువా కప్పారు. వారం రోజులు ఏమీ చేయకుండా నిబ్బరంగా నిలబడి ప్రాణం కాపాడినందుకు అని ప్రశంసాపత్రంలో రాసి ఉంది. భీమ్‌సింగ్ దాన్ని చదివి వినిపించాడు. గొంతు ఎక్కడా తడబడలేదు.

అప్పుడు పిట్లం నుంచి వచ్చిన రుక్మాబాయి అనే ఆమె వేదిక మెట్ల దగ్గరికి వచ్చింది. జనం దారి ఇచ్చారు. ఆమె చేతుల్లో తువాలు, తువాల్లో కుక్కపిల్ల. తువాలుకు రక్తం అంటి ఉంది. కుక్కపిల్లల డాక్టర్ ఇక్కడున్నాడని ఎల్లారెడ్డిలో చెబితే బస్సెక్కి వచ్చానని, పొద్దుటి నుంచి ఇది తల ఎత్తడం లేదని ఆమె చెప్పింది.

డాక్టర్ కుర్చీలోంచి లేచి చేతులు చాపారు. చైర్మన్ ఆ రెండు చేతులూ పట్టుకొని ఫోటోగ్రాఫర్ల వైపు పైకెత్తారు.

"చూడున్రి. మీ కండ్ల ముందట్నే చూడున్రి. డాక్టర్ సాబ్ ఏం చెయ్యడు," అని మైకులో అన్నారు.

హాలు లేచి నిలబడింది. లచ్చి దండ తీసి ఒళ్లో పెట్టుకుంది. చప్పట్లు చాలాసేపు మోగాయి. డాక్టర్ చేతులు విడిపించుకోవడానికి ఒకసారి లాగారు. చైర్మన్ పట్టు గట్టిది.

చప్పట్లు ఆగాక రుక్మాబాయి ముందు వరసలో ఉన్న నా దగ్గరికి వచ్చింది. నా చేతిలో కాగితాలు చూసి ఆఫీసు మనిషిననుకుంది.

"ఇగ మందెప్పుడు మొదలువెడ్తరు సారూ?" అని అడిగింది.