తెలియకపోతే చల్లగా ఉందని చెప్పు

తెలియని విషయాన్ని తెలియదని చెప్పడం అనాగరికం! ఈ సత్యాన్ని లోకానికి చాటినవాడు మన ఇంజనీరు. మీరు నవ్వినా సరే, అతనికి శాలువా కప్పాల్సిందే.

చేపల కొట్టు నడిపే బావగారి ఐసుగదికి మైక్రోకంట్రోలర్ పెట్టింది ఇతనే. గోరంత చిప్పు! దాని మెమరీలో ప్రతి సంగతికీ ఒక పేరు, పేరు పక్కన ఒక విలువ. దీన్నే కీ-వాల్యూ అంటారు. 'గది చలి' ఎంతని అడిగితే 'రెండు డిగ్రీలు' అంటుంది. ఎంత మర్యాద!

మరి అడిగిన పేరు మెమరీలో దొరక్కపోతే? చాదస్తులైతే 'లేదు' అని తెర మీద ఎర్రగా రాయిస్తారు. చూసినవాడి గుండె ఆగిపోదూ? మనవాడిది జాలిగుండె. దొరక్కపోతే రెండు డిగ్రీలనే చెప్పమని ప్రోగ్రాం రాసి చేతులు దులుపుకున్నాడు. ఎవరైనా "ఎలా ఉన్నారు?" అంటే పంటి నొప్పితో కూడా మనం "బాగున్నాం" అనమూ? ఆ సంస్కారం చిప్పుకు మాత్రం ఉండొద్దా?

ఒకనాడు ఎలుక చలి కొలిచే సెన్సర్ తీగ కొరికేసింది. 'గది చలి' అనే పేరే మెమరీలో లేకుండా పోయింది. ఆ వెనకే ఐసుమిషన్ మొరాయించింది. తెర మాత్రం నిబ్బరంగా రెండు డిగ్రీలు చూపించింది. వీధి వీధంతా ముక్కు మూసుకుంది. పక్క కొట్టు దర్జీ సగం కుట్టిన చొక్కా వదిలేసి పారిపోయాడు. పిల్లులు కూడా గుమ్మం దాకా వచ్చి వెనుదిరిగాయి!

బావగారు చలించలేదు. "రెండు డిగ్రీలయ్యా! తేడా నీ ముక్కులో ఉంది" అని వచ్చినవాళ్లతోనే గొడవపడ్డాడు. సొంత బావమరిది చేసిన యంత్రాన్ని ఎలా అనుమానిస్తాడు?

చివరికి ఐసుగది తలుపు తీయక తప్పలేదు. చేపల్ని గొయ్యి తీసి పాతిపెట్టారు. కొట్టుకు ఉన్న మంచిపేరు కూడా ఆ గోతిలోకే పోయింది.

ఇంజనీరు బెంగంతా అక్క గురించే. తల్లిలా పెంచిన అక్క! ఇక ఆ గడప తొక్కనిస్తారా? ఫోన్ చేశాడు.

"అక్కా, బావ కోపంగా ఉన్నాడా?"

బావ వాకిట్లో, అక్క వంటింట్లో. ఆవిడ వాకిటి వైపు తల కూడా తిప్పలేదు.

"అబ్బే, బాగానే ఉన్నారురా. నువ్వు రా!"

ఎంత చల్లని మాట! మనవాడు ఈల వేసుకుంటూ వెళ్లి గేటు తీశాడు. మెట్ల మీద బావ. పక్కనే, పాతిపెట్టకుండా దాచి ఉంచిన చేపల బుట్ట.

"రావోయ్ బావమరిదీ! ఇది ఎన్ని డిగ్రీలో వాసన చూసి చెప్పు."

"అక్కా! చూడకుండా బాగున్నాడని ఎందుకు చెప్పావు?"

"తెలీదంటే నువ్వు కంగారుపడతావని!"