స్కూటర్‌కు రెండో ట్యాంకు, ఊరికి ఉపకారం

అయ్యలారా, అమ్మలారా, దేశం బాగుపడాలంటే ప్రతి పాత స్కూటర్‌కూ రెండో పెట్రోల్ ట్యాంకు ఉండాలి! నేను బిగించుకున్నాను కాబట్టి చెబుతున్నాను.

సూర్యాపేటలో మా వీధి మొత్తానికి పాత స్కూటర్ నాదొక్కటే. ఓ పక్కకు వంచి నాలుగు కిక్కులు కొడితే గానీ లేవదు. నా ఇల్లాలు అరుణకు ఇరవై ఏళ్లుగా ఒకటే కోరిక. పుట్టిల్లు మిర్యాలగూడకు బస్సులో వేలాడుతూ కాకుండా, నా స్కూటర్ వెనక సీట్లో దర్జాగా పోవాలి. అడ్డం వచ్చింది పెట్రోల్. పొద్దున పోయిస్తే మధ్యాహ్నానికి ఆవిరి! పక్కింటి మహేందర్ వచ్చి, "అన్నా, జర బండియ్యవా? గిట్ల పోయి గట్లొస్త" అంటాడు. తిరిగొచ్చేసరికి బండి మా గేటు దగ్గర దగ్గి ఆగిపోతుంది. అడిగినవాడికి బండి ఇవ్వననడం మా వీధిలో ఉందా? పెళ్లికి పిలవకపోవడం కన్నా పెద్ద నేరం.

అందుకే కోదాడ వెళ్లి మెకానిక్ జానయ్యను పట్టుకున్నాను. స్టెప్నీ తీసేసి, ఆ జాగాలో రేకుతో ఆరు లీటర్ల ట్యాంకు చేసి బిగించాడు. దాని ట్యాప్ సీటు కింద దాచాడు.

"మీకు తప్ప దేవుడిక్కూడా తెలవదు సార్" అన్నాడు.

దేవుడికి తెలియలేదు. చాయ్ హోటల్లో అందరికీ తెలిసింది. నేనే చెప్పాను! ఇంత గొప్ప ఇంజినీరింగ్ చేయించి నోరు మూసుకోవడానికి నేనేమైనా సన్యాసినా? సీటు ఎత్తి మరీ చూపించాను.

అప్పటి నుంచి లాభాలే లాభాలు! ఇదివరకు మహేందర్ కూరగాయల మార్కెట్ దాటేవాడు కాదు. ఇప్పుడు హుజూర్‌నగర్‌లో ఓ పిల్లను, దామరచర్లలో ఇంకో పిల్లను చూసి, ఎవరికీ నచ్చక మర్నాడు వస్తున్నాడు. వీధి చివర ఉండే లింగ్యా మూడు మేకలను దాని మీదే సంతకు తీసుకెళ్లాడు. ఎదురింటి ఐలమ్మ మనవడి పుట్టువెంట్రుకలకు పిలవడానికొచ్చి, "నువ్వు రాకున్నా మంచిదే బిడ్డా, బండినైతే పంపు" అంది. నాకేమో నడక అలవాటై షుగర్ తగ్గింది. ఏ డాక్టరైనా చెప్పాడా ఈ వైద్యం?

మొన్న ఆదివారం అరుణ పట్టుచీర కట్టుకుని గేటు దగ్గర నిలబడింది. రెండు ట్యాంకులూ నిండుగా ఉన్నాయి. నేను కిక్కు కొట్టాను. స్కూటర్ లేచింది! మహేందర్ పరుగున వచ్చాడు.

"అన్నా, మంచిగ స్టార్ట్ జేసి పెట్టినవ్. మిర్యాలగూడల ఒక పిల్లను సూసొస్త."

కాదనడానికే నోరు తెరిచాను. "పైలం తమ్మీ, రోడ్డు మీద ఇసుకుంటది" అని వచ్చింది.

మిర్యాలగూడ బస్సులో మాకు నిలబడే జాగా దొరికింది. ఎవరో అరుణ కుచ్చిళ్లు తొక్కారు.

"పెట్రోల్ దాసనీకి ట్యాంకు పెట్టిచ్చినవ్. ఇయ్యనని సెప్పనీకి నోరొకటి పెట్టిచ్చుకోకపోతివి" అంది.

నిజం చెప్పొద్దూ, సిగ్గుతో చచ్చాను. ఇంతలో బస్సు ఓ స్టేజీ దగ్గర ఆగింది. నా స్కూటర్ కిటికీ పక్కకొచ్చి హారన్ కొట్టింది.

"వదినా, బస్సుల గీ తిప్పలెందుకు? ముందుగాల జెప్తే నేను దించకపోదునా!"

చూశారా, ఎంత మంచి మనసో! నేను కిటికీలోంచి చేయి ఊపి థాంక్స్ చెప్పాను. అరుణ నా చేతిలో సంచి లాక్కుని, జనాన్ని తోసుకుంటూ దిగే తలుపు వైపు వెళ్లిపోయింది.